ఏ వేళకు పరిమళిస్తుందో అడిగి ఆర్కిడ్ కొనండి

(నెల్లూరులో మిద్దె మీద, బాల్కనీల్లో మొక్కలు పెంచుకునేవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీద పెట్టిన కుండీలు దగ్గర్నుంచి చూడాల్సినవి. అంత దూరం నుంచి చూస్తే నాలుగు ఆకులు తప్ప ఏమీ కనిపించవు.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్లల్లో ఆర్కిడ్ ఉంది? చేతులెత్తండి. పర్లేదు, బాగానే ఉన్నాయి. సరే, ఆ ఆర్కిడ్లలో వాసన వచ్చేవి ఎవరి దగ్గర ఉన్నాయి? చూశారా, ఒక్క చెయ్యి మిగిలింది. అంతే.

మనం పువ్వు చేతికివ్వగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకునే మనుషులం. మూర మల్లెపూలు కొన్నా, దోసెడు సన్నజాజులు కోసినా, కదంబంలోకి మరువం, దవనం కలిపినా వాసన కోసమే గదా? సంపెంగ పువ్వు ఒక్కటి దొరికితే సాయంత్రం దాకా చేతిలోనే పెట్టుకుంటాం. అట్లాంటి మనం వందలు పోసి ఆర్కిడ్ కొని, హాల్లో టీవీ పక్కన పెట్టి, రంగు చూసి సరిపెట్టుకుంటున్నాం. ఎందుకు సరిపెట్టుకోవాలి? ఆర్కిడ్ అంటే వాసన ఉండదు అని ఎవరు చెప్పారు మనకు?

షాపుల్లో ఎక్కువగా అమ్మేది ఫలనాప్సిస్ హైబ్రిడ్. పెద్ద పువ్వు, గుండ్రటి పువ్వు, రెండు నెలలైనా వాడని పువ్వు. తరాల తరబడి దాన్ని ఆ గుణాల కోసమే ఎంచుకుంటూ వచ్చారు. వాసన కోసం ఎవరూ ఎంచలేదు, కాబట్టి వాసన లేదు. పెళ్లి మండపాల్లో కట్టే ఊదా రంగు డెండ్రోబియమ్ సంగతీ అంతే. ఆ రెండూ చూసి మనం మొత్తం ఆర్కిడ్ జాతికే వాసన లేదని తీర్మానించేశాం. ఆర్కిడ్ కుటుంబంలో 25 వేల పైచిలుకు జాతులున్నాయి. ఐస్‌క్రీములో వేసే వెనీలా ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ. నిమ్మ వాసన వచ్చేవి, కొబ్బరి వాసన వచ్చేవి, చాక్లెట్ వాసన వచ్చేవి అన్నీ ఉన్నాయి. మన ఎండకు నిలిచేవి కూడా వాటిలో ఉన్నాయి. నేను ఈ రోజు చెప్పబోయేది వాటి గురించే.

అయితే ఒకటి బాగా గుర్తు పెట్టుకోండి. ఈ పూలు రోజంతా పరిమళించవు. ప్రతిదానికీ ఒక వేళ ఉంది. ఇది తెలియకే చాలామంది మంచి మొక్కను తెచ్చుకుని కూడా "వాసనే రాలేదండీ" అంటారు.

ఎందుకు వేళ? పువ్వు పరిమళించేది మన కోసం కాదు, తన దగ్గరికి వచ్చే పురుగు కోసం. వాసన తయారు చెయ్యడానికి మొక్కకు బోలెడంత శక్తి ఖర్చవుతుంది. ఆ పురుగు తిరగని వేళ ఎందుకు ఖర్చు పెడుతుంది? తేనెటీగ కోసం పూసేది పగలు పరిమళిస్తుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగు, మాత్ అంటామే, దాని కోసం పూసేది చీకటి పడ్డాక పరిమళిస్తుంది. అట్లా రాత్రి వాసన వచ్చే పూలు చాలావరకు తెల్లగా ఉంటాయి, మీరు గమనించారో లేదో. చీకట్లో ఎర్ర రంగు ఎవరికి కనిపిస్తుంది?

దీని మీద ఒక పాత కథ ఉంది, జరిగిన కథే. మడగాస్కర్ దీవిలో ఒక తెల్లటి ఆర్కిడ్ ఉంది. పువ్వు వెనక సన్నటి గొట్టం, దగ్గర దగ్గర 30 సెంటీమీటర్ల పొడవు. తేనె ఆ గొట్టం అట్టడుగున ఉంటుంది. డార్విన్ ఆ పువ్వును చూసి 1862లో రాశాడు, అంత పొడవు తొండం ఉన్న మాత్ అక్కడ ఉండి తీరాలి అని. అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు. 1903లో ఆ మాత్‌కు శాస్త్రవేత్తలు పేరు పెట్టి ప్రకటించారు. డార్విన్ చనిపోయిన ఇరవై ఏళ్ల తర్వాత! ఆ ఆర్కిడ్ పేరు ఆంగ్రేకమ్. అదీ రాత్రి పరిమళించేదే.

అందుకే నేనేమంటానంటే, మొక్క కొనే ముందు మీరు ఇంట్లో ఏ వేళ ఉంటారో చూసుకోండి. పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ ఉద్యోగాలకు పోయి రాత్రి ఏడింటికి వచ్చే ఇంట్లో పగలు పరిమళించే పువ్వు పెడితే ఎవరికి లాభం? ఖాళీ ఇంట్లో పరిమళించి ఊరుకుంటుంది. అదే ఇంట్లో రాత్రి పువ్వు పెట్టండి. మీరు తలుపు తీసి లోపలికి వచ్చేసరికి హాలంతా నిండి ఉంటుంది.

రాత్రి పువ్వుల్లో నేను ముందు చెప్పేది బ్రాసవోలా నోడోసా. ఇదిగో ఇది. ఆకులు చూడండి, పెన్సిలంత సన్నగా, దళసరిగా ఉన్నాయి. పువ్వు ఆకుపచ్చ కలిసిన తెలుపు, మధ్యలో హృదయాకారంలో తెల్లటి పెదవి, అంటే మిగతావాటికి వేరుగా ఉండే రేకు. సొంత ఊరు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తరపు తీరం దాకా. సముద్రం ఒడ్డున రాళ్ల మీద, మడ చెట్ల మీద పెరుగుతుంది. అంటే ఎండ, ఉప్పుగాలి, నాలుగు రోజులు నీళ్లు లేకపోవడం, ఇవన్నీ దానికి అలవాటే. మరి మైపాడుకు, కొత్తకోడూరుకు ఇంత దగ్గర్లో ఉన్న మన ఊరికి ఇంతకంటే తగిన మొక్క ఏముంది? ఏడాదిలో ఒకసారి కంటే ఎక్కువే పూస్తుంది. ఇప్పుడు, అంటే ఈ పొద్దుటిపూట, మీరు ముక్కు ఆనించి చూసినా ఏమీ రాదు. రండి, చూడండి. లేదు గదా? రాత్రి ఎనిమిదింటికి ఇదే పువ్వు నిమ్మపూత గుబాళింపుతో గది నింపుతుంది. గూడూరు నిమ్మతోటల్లో పూత కాలంలో నడిచినవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

నర్సరీకి మనం ఎప్పుడు పోతాం? ఆదివారం మధ్యాహ్నం. పువ్వు వాసన చూస్తాం, రాదు. పక్కన పెట్టేస్తాం. మంచి మొక్క అట్లా చెయ్యి జారిపోతుంది. కాబట్టి వాసన చూసి కాదు, పేరు చూసి కొనండి. పేరు చీటీ లేని మొక్క కొనకండి.

ఇక పగటి పువ్వులు. ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్లకు, ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఇవి. ఫలనాప్సిస్ బెల్లినా అని బోర్నియో దీవి మొక్క. ఇందాక వాసన లేదన్నానే, ఆ షాపు ఫలనాప్సిస్‌కు దాయాదే ఇది. పువ్వు చిన్నది, లోపల ఊదా, చివర్లు లేత ఆకుపచ్చ. దీని వాసనలో ఉండే లినలూల్, జెరానియాల్ అనే పదార్థాలే గులాబీ, లావెండర్ అత్తర్లలో కూడా ఉంటాయి. పల్లపు ప్రాంతపు అడవి మొక్క, ఉక్కపోత దానికి ఇష్టం. ఉక్కపోతకు మన దగ్గర కొదవా? ఎండ మాత్రం సూటిగా తగలకూడదు. తూర్పు కిటికీ లోపల, గాజుకు అడుగు దూరంలో హాయిగా ఉంటుంది.

రింకోస్టైలిస్ జైగాంటియా ఇంకొకటి. థాయ్‌లాండ్, బర్మా వైపుది. డిసెంబరు, జనవరిలో పూస్తుంది, అంటే మన ధనుర్మాసం, సంక్రాంతి రోజులు. మన ఇళ్లకు చుట్టాలు వచ్చే కాలం గదా అది! గెలలు గెలలుగా వేలాడుతుంది, మధ్యాహ్నానికి వాసన బాగా ముదురుతుంది. దీన్ని పదే పదే కుండీ మార్చి కదిలించకండి, వేళ్లు విరిగితే ఏడాది దాకా కోలుకోదు.

చాక్లెట్ వాసన కావాలని పిల్లలు అడుగుతారు. ఆన్సిడియమ్ షారీ బేబీ అది. అచ్చంగా చాక్లెట్టే. కాట్లియా అని ఇంకో రకం ఆర్కిడ్లున్నాయి, వాటిలో కూడా పొద్దున పూట ఘుమఘుమలాడేవి చాలా ఉన్నాయి. కానీ ఈ రెండూ మన మే నెలకు బాగా కష్టపడతాయి. మొదటి మొక్కగా వద్దు. బ్రాసవోలా ఒక ఎండాకాలం నిలబడ్డాక వీటి జోలికి పోండి.

వేరు చెప్పే మాట

ఇప్పుడు ఈ వాండా అనే ఆర్కిడ్‌ను చూడండి. కుండీ లేదు, మట్టి లేదు. చెక్క బుట్టలోంచి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. రంగు ఏంటి? వెండి తెలుపు. నీళ్లు స్ప్రే చేస్తున్నాను, అట్లాగే చూస్తూ ఉండండి. ఇక్కడ, ఈ పక్కన మొదలైంది, చూశారా? మచ్చలు మచ్చలుగా ఆకుపచ్చ వస్తోంది. ఇంకొంచెం కొడతాను. ఇప్పుడు మొత్తం పచ్చగా మారింది. వేరు చివర మాత్రం ముందు నుంచీ లేత పచ్చగానే ఉంది, అది పెరుగుతున్న భాగం.

ఏం జరిగింది? వేరు చుట్టూ చచ్చిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది. అది స్పాంజిలాగా నీటిని పీల్చుకుంటుంది. ఎండినప్పుడు అందులో గాలి ఉంటుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. తడిసినప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. చెట్టు కొమ్మ మీద బతికే మొక్క కాబట్టి వాన పడ్డ పది నిమిషాల్లో తాగాలి, తర్వాత గాలికి ఆరాలి. మనం ఏం చేస్తున్నాం? మట్టిలో పెట్టి రోజూ నీళ్లు పోస్తున్నాం. వేరుకు గాలి లేదు. కుళ్లిపోతుంది. ఆకులు ముడుచుకుంటాయి. ఆకులు ముడుచుకున్నాయని ఇంకా నీళ్లు పోస్తాం!

కాబట్టి "వారానికి ఎన్నిసార్లు నీళ్లు పొయ్యాలి" అని నన్ను అడగకండి. వేరును అడగండి. వేరు తెల్లగా ఉంటే పొయ్యండి, పచ్చగా ఉంటే ఆగండి. గట్టిగా ఉంటే బతికి ఉన్నట్టు, చేత్తో నొక్కితే మెత్తగా గుజ్జు వస్తే కుళ్లినట్టు. పొద్దున పూట పొయ్యండి, చీకటి పడేలోగా మొవ్వులో నీళ్లు ఆరిపోవాలి. ఫలనాప్సిస్‌కు మొవ్వులో నీళ్లు నిలిచాయంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

షాపు నుంచి తెచ్చిన మొక్కకు ఒక ప్రమాదం ఉంది, ఇది మీకు చూపించాలి. ఈ ప్లాస్టిక్ కప్పు తీస్తున్నాను. ఇదిగో, వేళ్ల మధ్యలో నాచు ముద్ద, గట్టిగా బిగించి ఉంది. పైన ముట్టుకుంటే పొడిగా ఉంది. మధ్యలో వేలు పెడితే చూడండి, చెమ్మ కారుతోంది. చల్లటి గ్రీన్‌హౌస్‌లో అది పనికొస్తుంది. మన దగ్గర అది ఉడుకుతుంది. పూత అయిపోయాక ఆ ముద్దంతా మెల్లగా తీసేసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొత్త కుండీలోకి మార్చండి. మార్చిన రెండు మూడు రోజులు నీళ్లు పొయ్యొద్దు, కోసిన చోట ఆరాలి.

కుండీలో ఏం వెయ్యాలి? ఖరీదైన పైన్ బెరడు తెప్పించక్కర్లేదు. ఇస్త్రీ బండి వాళ్లు వాడే కట్టె బొగ్గు, అంగుళం ముక్కలుగా కొట్టండి. పగిలిన బంగాళా పెంకు ముక్కలు కలపండి. పక్కలకు కూడా బెజ్జాలున్న మట్టి కుండీ తీసుకోండి, కుమ్మరి దగ్గర చెప్పి చేయించుకోవచ్చు. కొబ్బరి డొక్క ముక్కలు కూడా మంచివే, కానీ వాటిలో ఉప్పు ఉంటుంది. రెండు మూడు రోజులు నీళ్లల్లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఎరుపు దిగిపోయాక వాడండి. తుఫాను వానల్లో డొక్కలు ఎంతకీ ఆరవు. అందుకే నేను బొగ్గుకే ఓటేస్తాను.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, ఉప్పు సంగతి కూడా చెప్పాలి. మన బోరు నీళ్ల సంగతి మీకు తెలుసు. బకెట్ అంచున తెల్లటి చార కడుతుంది చూడండి, అదే బొగ్గు మీదా, వేళ్ల మీదా కడుతుంది. వేరు చివర మాడిపోతుంది, మాడితే తాగడం ఆగిపోతుంది. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంత ఉన్నాయో కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. 200 లోపు ఉంటే హాయిగా వాడండి. 500 దాటిన నీళ్లు వాడకండి. మరేం చెయ్యాలి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి, మూత పెట్టండి దోమలు చేరకుండా. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి. నీళ్ల ఫిల్టరు నుంచి బయటికి పోయే వృథా నీళ్లు మాత్రం అసలు వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చినవాళ్లకు నీటి బాధ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, వాన నీళ్లే మీకు దిక్కు.

ఎరువుకు ఎరువుల షాపులో దొరికే 19:19:19 చాలు, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉన్నది. లీటరుకు అర గ్రాము, వారానికొకసారి. ఎక్కువ వేస్తే ఎక్కువ పూస్తుందనుకోవద్దు. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడగండి.

మన కార్తెలు, మన గాలులు

ఎండాకాలం గురించి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. రోహిణి కార్తెలో 42, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండ కంటే ప్రమాదం పడమటి వడగాలి. అది వేళ్లను గంటల్లో ఎండగొడుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక మొక్క తేరుకుంటుంది. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా మొక్కను తూర్పుకో ఉత్తరానికో మార్చండి. 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. కుండీల కింద వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు నింపండి, కుండీ అడుగు నీటికి తగలకూడదు. వాండాకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఎండ దిగాక ఇంకోసారి నీళ్లు కొట్టండి.

ఇంకో సంగతి, ఇది మన ఇళ్లలో తప్పక జరుగుతుంది. మే నెలలో బంగినపల్లి మామిడిపండ్లు బుట్టతో తెచ్చి హాల్లో పెడతాం. పక్కనే మొగ్గ మీదున్న ఆర్కిడ్. నాలుగు రోజుల్లో మొగ్గలు పసుపురంగుకు తిరిగి రాలిపోతాయి. పండే కాయ నుంచి ఇథిలీన్ అనే గ్యాసు వస్తుంది, అది మొగ్గలను రాలగొడుతుంది. పండ్ల బుట్ట వంటింట్లో, ఆర్కిడ్ ఇంకో గదిలో. ఏసీ గాలి సూటిగా తగిలినా అంతే.

ఈశాన్య రుతుపవనాలప్పుడు తలుపు వేసిన బాల్కనీలో గాలి ఆడదు. వాన మూడు రోజులు వదలకుండా పడితే మొక్కను లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, ఆర్కిడ్‌కు గాలి కావాలి, గాలి. నత్తలు కూడా అప్పుడే వస్తాయి, వేరు చివరలు కొరికేస్తాయి, రాత్రి టార్చి వేసి ఏరెయ్యండి.

ఇక మనసులో ఉన్న మాట ఒకటి. మన జిల్లాలోనే వాసన ఆర్కిడ్ ఉంది. వాండా టెస్సెల్లేటా. మామిడి చెట్ల మీద, తుమ్మ చెట్ల మీద పెరిగే అడవి మొక్క. గోధుమ రంగు గళ్ల రేకులు, ఊదా పెదవి, పట్టపగలు తియ్యటి వాసన. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త తెచ్చిన పెద్ద బొమ్మల గ్రంథంలో, 1795 సంపుటంలోనే ఇది ఉంది. పల్లెల్లో దీన్ని బదనిక అనుకుని, చెట్టు రసం తాగేస్తుందని పీకి పారేస్తారు. అది చెట్టు నుంచి చుక్క కూడా తాగదు. కొమ్మ మీద కూర్చుంటుంది, అంతే. మీ తోటలో కనిపిస్తే దయచేసి పీకొద్దు, పీకనివ్వొద్దు.

అలాగే పెంచలకోనకు పోయినప్పుడు కొండ మీది చెట్ల నుంచి ఊడదీసి తెచ్చుకునేవాళ్లున్నారు. అది పెనుశిల నరసింహ అభయారణ్యం. ఆకు ముట్టుకోవడానికి కూడా మనకు హక్కు లేదు. పైగా తెచ్చిన మొక్క చాలావరకు ఇంట్లో బతకదు. అడవిలో అది పుట్టడమే కష్టం. ఆర్కిడ్ విత్తనం దుమ్ము రేణువంత, దానిలో తిండి నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం తోడు దొరికితేనే మొలుస్తుంది. లక్షల విత్తనాల్లో ఏ ఒకటో రెండో. ఒక మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. దాన్ని ఒక్క నిమిషంలో పీకేస్తామా? 1922లో నూడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త శిలీంధ్రం లేకుండానే సీసాలో, చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీ లాంటి పదార్థం మీద మొలిపించి చూపించాడు. ఈ రోజు నర్సరీల్లో దొరికే మొక్కలు అట్లా సీసాల్లో పుట్టినవే. వాటినే కొనండి. వాండా టెస్సెల్లేటా కూడా నర్సరీ మొక్కగా దొరుకుతుంది.

ప్రశ్నలు తీసుకుంటాను. ఆ పక్కన అక్కయ్య అడుగుతున్నారు, మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్, పడమటి బాల్కనీ ఒక్కటే ఉంది, ఏం చెయ్యమంటారు అని. బ్రాసవోలా పెట్టండక్కా, నెట్ రెండు పొరలు వేసి. మే నెలలో మాత్రం లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టండి. బెల్లినా మీ బాల్కనీకి వద్దు.

పూత అయిపోయిన కాడ కత్తిరించాలా అని ఆ బాబు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. బెల్లినాకు కత్తిరించకు నాయనా, పచ్చగా ఉన్నంత కాలం ఆ పాత కాడ చివరే మళ్లీ మళ్లీ పూస్తుంది. రింకోస్టైలిస్‌కు, వాండాకు ఎండిపోయాక కత్తిరించు. కత్తెర ముందు మంట మీద కాల్చు, ఒక మొక్క రోగం ఇంకోదానికి అంటకుండా.

రాత్రి పువ్వు పడకగదిలో పెట్టొచ్చా అని పెద్దాయన అడిగారు. వద్దండీ. వాసన ఘాటుగా ఉంటుంది, కొంతమందికి తలనొప్పి వస్తుంది. హాల్లో పెట్టుకోండి. పడకగది తలుపు తీసి ఉంచితే సరిపోయేంత వస్తుంది.

కొనడానికి కడియం నర్సరీలకు పోయేవాళ్లు ముందుగా ఫోన్ చేసి పేరు చెప్పి అడగండి. ఆర్కిడ్ ఉందా అని కాదు, బ్రాసవోలా నోడోసా ఉందా అని అడగండి. పూత ఉన్న మొక్క కోసం పట్టుబట్టకండి, వేళ్లు బాగున్న మొక్క కోసం పట్టుబట్టండి. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు ఏప్రిల్, మేలో తెప్పించకండి, పెట్టెలోనే ఉడికిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు మధ్యలో తెప్పిస్తే వానలు మొదలయ్యేలోపు వేళ్లు పట్టుకుంటాయి. కావాలన్నవాళ్లు పేరు, కావాల్సిన మొక్క ఈ నోటు పుస్తకంలో రాయండి, అందరం కలిపి ఒకేసారి తెప్పించుకుందాం. బొగ్గు, పెంకులు కిందున్న గోనె సంచుల్లో ఉన్నాయి, తలా కొంచెం తీసుకెళ్లండి.